సులభమైన చదువు ఎంచుకోవడం తప్పా?

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు తర్వాత ఒక తండ్రి, ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చారు. తండ్రికి బజారులో చెప్పుల దుకాణం ఉంది. కొడుకు బీకాం చదువుతున్నాడు. కాలేజీ నుంచి రాగానే రాత్రి పది దాకా దుకాణంలోనే కూర్చుంటాడు. తండ్రి ముఖం కోపంగా ఉంది. “మౌలానా సాబ్! వీడికి కాలేజీలో కొన్ని పేపర్లు తానే ఎంచుకోమన్నారు. ఏరి ఏరి తేలికైనవే పట్టుకొచ్చాడు. కామ్‌చోర్ అయిపోయాడు. మీరైనా నాలుగు మాటలు చెప్పండి” అన్నాడు.

అబ్బాయి చాలాసేపు తల వంచుకొని నిలబడ్డాడు. చివరికి మెల్లగా అడిగాడు: “హజ్రత్, సులువైన సబ్జెక్టు తీసుకోవడం గునాహా?”

కాదని వెంటనే చెప్పి పంపించవచ్చు. కాని ఆ జవాబుతో తండ్రి ఊరుకోడు, అబ్బాయికి కూడా అది సరిపోదు. వచ్చే జుమాకు చెబుతానన్నాను. ఆ వారం రోజులు ఆలోచించిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఈనాటి డిగ్రీ చదువుల్లో కొన్ని పేపర్లు తప్పనిసరి, కొన్ని ఐచ్ఛికం. ఐచ్ఛికం అనగానే పిల్లలు సీనియర్ల దగ్గరికి పరుగెత్తి ఏ పేపరుకు గైడు పలచగా ఉంటుందో, ఏ సారు మార్కులు ధారాళంగా వేస్తారో ఆరా తీస్తారు. దీన్ని చూసిన పెద్దలకు మన పిల్లలు కష్టానికి వెన్ను చూపుతున్నారనే దిగులు పట్టుకుంటుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఎంత కష్టమైతే అంత పుణ్యం అని మనలో చాలామంది అనుకుంటారు. ఇస్లాం అలా చెప్పలేదు. మేరాజ్ రాత్రిని గుర్తు తెచ్చుకోండి. మొదట విధించబడినవి రోజుకు యాభై నమాజులు. దైవప్రవక్త (స) తిరిగి వస్తూ ఉండగా హజ్రత్ మూసా (అలై) ఆపి, మీ సమాజం ఇంత భారం మోయలేదు, వెళ్ళి తగ్గించమని అడగండి అని సలహా ఇచ్చారు. ఆయన బనీ ఇస్రాయీల్‌తో వేగిన మనిషి, అనుభవం మీద చెప్పారు. దైవప్రవక్త (స) మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగారు, చివరికి అయిదు మిగిలాయి. ప్రతిఫలం మాత్రం యాభైకే. ఇక్కడ భారం తగ్గించమని అడిగింది సోమరులు కాదు, ఇద్దరు మహా ప్రవక్తలు. అడిగినందుకు అల్లాహ్ కోపించలేదు సరికదా, అనుగ్రహించాడు. ఇంకా తగ్గించమని అడగటానికి దైవప్రవక్త (స)కు బిడియం కలిగిందన్న మాట కూడా ఆ హదీసులోనే ఉంది. దాన్ని మాత్రం మనం మరచిపోతాం.

హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) సంఘటన కూడా చూడండి. ఆయన తన వాళ్ళకు ఇషా నమాజు చదివిస్తూ బఖరా సూరా అందుకున్నారు. వెనుక నిలబడినవారిలో పగలంతా ఒంటెలతో నీళ్ళు తోడి అలసిపోయిన ఒక మనిషి ఉన్నాడు. అతను జమాఅత్ వదిలి విడిగా నమాజు చేసుకొని వెళ్ళిపోయాడు. ముఆజ్ (రజి) అతణ్ణి కపట విశ్వాసి అన్నారు. ఫిర్యాదు దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది. ఆయన ఆ కూలిమనిషిని మందలించలేదు, ముఆజ్‌ (రజి)నే గట్టిగా మందలించి, చిన్న సూరాలు చదవమన్నారు. పగలు కాలేజీ, సాయంత్రం నుంచి దుకాణం చూసే అబ్బాయిని కామ్‌చోర్ అన్నప్పుడు నాకు ఆ ఒంటెల మనిషే గుర్తుకు వచ్చాడు.

అయితే ఇంతటితో ఆగితే సగం మాటే చెప్పినట్లవుతుంది. రెండు మార్గాలు ఎదురైనప్పుడు దైవప్రవక్త (స) సులభమైనదాన్నే ఎన్నుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఈ హదీసు మన పిల్లలకు చాలా ఇష్టం. కాని అందులోనే ఒక షరతు ఉంది. ఆ సులభమైనది పాపం కాకుండా ఉంటేనే. పాపమైతే దానికి అందరికన్నా దూరంగా ఉండేవారు ఆయనే. మరి కాలేజీ పేపర్లలో పాపం ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పుస్తకం వదిలి మరో పుస్తకం చదివితే ఎవరి సొమ్ము పోయింది?

దీనికి జవాబు నాకు కితాబుల్లో దొరకలేదు, నా సొంత తప్పులో దొరికింది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మదరసాలో మేము దర్సె నిజామీ చదువుకున్నాం. అందులో వారసత్వ పంపకాల మీద సిరాజీ అనే కితాబు ఉంటుంది. కితాబు చిన్నదే కాని లెక్కలతో నిండి ఉంటుంది. నాకు లెక్కలంటే భయం. పరీక్షలో అన్ని ప్రశ్నలూ రాయనక్కర లేదు కదా! తస్‌హీహ్ అధ్యాయాన్ని, అంటే వాటాలు సమంగా తెగనప్పుడు సరిచేసే పద్ధతిని, మొత్తంగా ఛాయిస్‌లో వదిలేశాను. మిగతావి కంఠస్థం చేశాను. మంచి మార్కులే వచ్చాయి. సనదు చేతికి వచ్చింది. అందులో నేను వదిలేసిన అధ్యాయం పేరు ఎక్కడా రాయలేదు!

తర్వాత కొన్నేళ్ళకు నేను ఇమాముగా ఉన్న ఊళ్ళో ఒక మనిషి చనిపోయాడు. భార్య, తల్లి, ఒక కొడుకు, పెళ్ళికాని ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తి ఒక ఇల్లు, కొంత పొలం. లెక్క చెప్పమని నా దగ్గరికి వచ్చారు. భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు అని తడుముకోకుండా చెప్పాను. ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, తల్లికి 4, మిగిలినవి 17. కొడుక్కి రెండు పాళ్ళు, ఒక్కో కూతురికి ఒక పాలు, వెరసి నాలుగు పాళ్ళు. పదిహేడు నాలుగుతో తెగదు. అక్కడ నా చదువు ఆగిపోయింది. ఎల్లుండి రండి అన్నాను. మా ఉస్తాద్‌ను ఫోనులో అడిగాను. 24ని నాలుగుతో హెచ్చవేసి 96 చేయాలన్నారు. భార్యకు 12, తల్లికి 16, కొడుక్కి 34, ఒక్కో కూతురికి 17. ఇంతే! అయిదు నిమిషాల పని.

కాగితం మీద రాసుకొని వెళ్ళేసరికి ఆ రెండు రోజుల్లో పెద్దమనుషులు కూర్చున్నారు. పెళ్ళి ఖర్చులు లెక్కగట్టి, ఆడపిల్లల చేత వాటా మాఫ్ అనిపించారు. స్టాంపు కాగితం కూడా రాయించేశారు. మౌలానాకే తెగని లెక్క మనకెందుకని ఒకరన్నారట. ఆ పిల్లల పదిహేడేసి భాగాలు పోవడానికి నేనొక్కణ్ణే కారణమని అనను. కాని ఆ దారిలో నేను ఛాయిస్‌లో వదిలేసిన అధ్యాయం కూడా ఉంది.

అప్పటి నుంచి నాకు ఒక సంగతి అర్థమైంది. నేను చదవని విషయం వల్ల నష్టం నాకే అయితే అది నా ఇష్టం. రేపు నన్ను నమ్మి వచ్చే మనిషికి నష్టమైతే అది నా ఇష్టం కాదు, అతని హక్కు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసు ఉంది. పట్టాను చూసి జనం మన చేతిలో పెట్టేది అమానత్. ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యాలో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయా విద్యల్లో లెక్కించారు. గణితం ఎందుకంటే వ్యాపార లావాదేవీలకు, ఆస్తి పంపకాలకు అది లేనిదే జరగదని కారణం కూడా చెప్పారు. ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేని ఊళ్ళున్నా, విద్యార్థులంతా ఫిఖ్‌హ్ వైపే ఎగబడుతున్నారని అక్కడే బాధపడ్డారు. ఎందుకు ఎగబడుతున్నారు? వక్ఫుల పెత్తనం, ఖాజీ పదవి ఆ దారిలో దొరుకుతాయి కనుక. చూశారా, లాభసాటి సబ్జెక్టు వెతుక్కోవడం ఈనాడు పుట్టిన జబ్బు కాదు. దీనీ విద్యార్థులకూ అది పట్టిందని గజాలీయే రాశారు, నేను కల్పించింది కాదు.

ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాష సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. సంస్కృతం తీసుకుంటే మార్కులు బాగా వస్తాయని మన పిల్లలు కూడా ఉర్దూ, అరబీ వదిలి దాన్నే తీసుకుంటున్నారు. ఇది తప్పని నేను అనను. ఏ భాషా ఏ మతానికీ సొంత ఆస్తి కాదు. ఆ మార్కులతో ఫిజిక్సుకు సమయం మిగిలితే మంచిదే. అయితే కాలేజీ వదిలిన ఉర్దూ ఇంటి మీద పడుతుంది. ఆ బరువు ఇంట్లో ఎవరైనా మోస్తున్నారా? నానీమా అల్మారాలో ఉన్న కితాబు మనవరాలు చదవలేకపోతే ఆ లోటుకు బోర్డును నిందించి లాభం లేదు.

మరుసటి జుమాకు అబ్బాయిని కూర్చోబెట్టి, చదువయ్యాక ఏం చేస్తావని అడిగాను. దుకాణదారులకు లెక్కలు రాసిపెట్టి, టాక్సు రిటర్నులు దాఖలు చేసే పని చేస్తానన్నాడు. ఏ పేపరు వదిలావని అడిగితే, లెక్కలు ఎక్కువగా ఉన్నదని చెప్పాడు. “బేటా, మిగతావి నీకు ఏది తేలికైతే అది తీసుకో, నీ మీద ఏ నిందా లేదు. ఆ ఒక్కటి మాత్రం వదలకు. రేపు నీ దగ్గరికి వచ్చే దుకాణదారుకు నువ్వు ఏది వదిలావో తెలియదు” అన్నాను. సిరాజీ సంగతి కూడా చెప్పాను. అబ్బాయి కాసేపు ఆలోచించి, “మరి చదవడానికి వేళ ఏది హజ్రత్?” అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. జవాబు నేను తండ్రికి చెప్పవలసి వచ్చింది. మీ చేతికింద ఉన్నవారి మీద శక్తికి మించిన పని వేయకండి, వేస్తే మీరూ చేయి కలపండి అని దైవప్రవక్త (స) సేవకుల విషయంలో ఉపదేశించారు. సేవకుడికే అంత హక్కు ఉంటే కొడుక్కి లేదా? హజ్రత్ మూసా (అలై) మద్‌యన్‌లో ఒక వృద్ధుడి దగ్గర పనికి కుదిరిన వృత్తాంతం ఖసస్ సూరాలో ఉంది. ఎనిమిదేళ్ళు పని చేయాలి, పదేళ్ళు నింపితే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టాలని నాకు లేదు అన్న భావంతో ఆ వృద్ధుడు మాట్లాడాడు. ఆయన రెండేళ్ళు వదిలేశాడు. మూసా (అలై) పెద్ద గడువునే నింపారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. “మీరు ఎనిమిది అడిగి చూడండి భాయ్” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

నిన్న ఇషాకు వెళ్తూ బజారు దారిన నడిచాను. దుకాణం తెరిచే ఉంది. గల్లాపెట్టె దగ్గర ఆయన ఒక్కడే కూర్చొని చెప్పుల జతలు డబ్బాల్లో సర్దుకుంటున్నాడు.