పిట్టను చూడని అర్జునుడు

ద్రోణుడు పెట్టిన గురి పరీక్షలో పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనపడటం లేదన్న అర్జునుణ్ని మనం ఇన్ని తరాలుగా ఎందుకు మెచ్చుకుంటున్నాం? చెట్టూ, కొమ్మా, మీరూ, నా తమ్ముళ్లూ అందరూ కనపడుతున్నారన్న ధర్మరాజును పక్కకు ఎందుకు నిలబెట్టాం? ఈ సందేహం నాకు పుస్తకం చదువుతుంటే రాలేదు. కొలరాడోలో, క్రెస్టెడ్ బ్యూట్ అనే కొండ ఊరి దగ్గర సైకిల్ తొక్కుతుంటే వచ్చింది. వచ్చింది మళ్లీ పోవడం లేదు.

దాదాపు 8,900 అడుగుల ఎత్తున ఉన్న ఊరది. ఒకప్పుడు బొగ్గు తవ్వి బతికింది. పెద్ద గని 1952లో మూతపడింది. 1976లో అక్కడి కుర్రాళ్లు కొందరు బరువైన పాత సైకిళ్లను కొంత తొక్కి, కొంత తోసి, పెర్ల్ పాస్ మీదుగా ఆస్పెన్ చేరారు. ఇప్పుడు చుట్టుపక్కల ఏ కొండ చూసినా సింగిల్‌ట్రాక్ బాటలే. ఒక్క సైకిల్ పట్టేంత మట్టిదారి, అంతే వెడల్పు. నలుగురు స్నేహితులం కలిసి బయల్దేరినా ఆ బాట మీద ఎవరికి వాళ్లమే.

వాటిలో బాగా పేరున్నది 401. గోథిక్ రోడ్డు పట్టుకుని స్కోఫీల్డ్ పాస్ దాకా ఎక్కాలి. అక్కడి నుంచి బాట ఇంకా పైకి పోయి, 11,000 అడుగులు దాటాక దిగుడు మొదలుపెడుతుంది. కింద ఈస్ట్ రివర్ లోయ, ఎదురుగా గోథిక్ కొండ. జూలైలో అయితే నీలం లుపిన్లు, ఎర్రటి పెయింట్‌బ్రష్‌లు, పసుపుపచ్చటి మ్యూల్స్ ఇయర్స్ పూలు. కొన్నిచోట్ల మొక్కలు ఛాతీ ఎత్తు పెరిగి బాటనే కప్పేస్తాయి.

ఇదంతా చూడటానికే ఊపిరి అందకపోయినా పైకి ఎక్కుతాను. దిగేటప్పుడు మాత్రం ఒక్కటీ చూడను. చూడకూడదు కూడా. చూపు ఎటు పోతే సైకిల్ అటు పోతుందని ఈ విద్యలో మొదట చెప్పే పాఠం. రాయిని తప్పించుకోవాలంటే రాయిని చూడకూడదు, రాయి పక్కనున్న సందును చూడాలి. బ్రేకు మీద ఒక వేలు, పెడల్స్ రెండూ సమంగా, కళ్లు ముందున్న కొన్ని గజాల మట్టి మీద. ఆ కాసేపు ఆఫీసు లేదు, అప్పు లేదు, నా పేరు కూడా నాకు గుర్తుండదు.

ఇదే ధ్యానం అంటారు నాతో వచ్చే మిత్రులు. అహం కరిగిపోయింది కదా, వర్తమానంలో ఉన్నావు కదా అంటారు. నాకు ఒప్పబుద్ధి కాదు. మోచెయ్యి విరుగుతుందన్న భయం మెడపట్టి నిలబెట్టిన చూపును సాధన అని ఎలా అనడం? పైగా నేను లేనప్పుడు కలిగిన ఆనందం ఎవరిది? గాఢనిద్ర నుంచి లేచి హాయిగా పడుకున్నానని చెప్పేవాడే సాక్షి అని వేదాంతులు తేల్చేశారు. నాకు ఆ సాక్షి మీదే అనుమానం. అప్పుడు లేనివాడు తర్వాత వచ్చి వాటా అడుగుతున్నాడేమో.

ఒక వేసవిలో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. ఆమెను కింద గోథిక్‌లో నీడపట్టున కూర్చోబెట్టి నేను పైకి వెళ్లాను. దిగి వచ్చి హెల్మెట్ తీస్తుంటే అడిగింది:

"ఏం చూశావురా పైన?"

"దారమ్మా."

"దారి చూడటానికి అంత పైకెందుకురా? మనింటి ముందు లేదూ?"

తర్వాత తను చూసినవన్నీ చెప్పింది. లావెక్కిన ముంగిసలాంటి జంతువొకటి బండ మీదికి వచ్చి ఈల వేసిందట. అది మార్మట్. కొండ నీడ ఎంతసేపట్లో ఏటి దాకా వచ్చిందో చెప్పింది. గడ్డిలో చదరంగా గీసుకున్న ఒక చిన్న చోట మోకాళ్ల మీద కూర్చున్న పిల్ల గురించి చెప్పింది. "పూలు కోస్తోందనుకున్నా. కాదురా, లెక్కపెడుతోంది. ఒక్కటి కోస్తే ఒట్టు."

ధర్మరాజు పక్షాన వాదించడానికి నాకు సాక్ష్యం దొరికిందనుకున్నాను. కానీ ఆ పూల పిల్లే నా వాదం చెడగొట్టింది. గోథిక్ ఒకప్పటి వెండి గనుల ఊరు. 1928 నుంచి అక్కడ రాకీ మౌంటెన్ బయోలాజికల్ లాబొరేటరీ ఉంది. 1973లో డేవిడ్ ఇనౌయే అనే శాస్త్రవేత్త ఆ గడ్డిమైదానాల్లో పూల లెక్క మొదలుపెట్టారు. రెండు మీటర్ల చదరంలో ఏ పువ్వు ఏ రోజు పూసింది, ఎన్ని పూశాయి, ఏటా అదే లెక్క. అమ్మ చూసిన పిల్ల పెడుతున్నదీ అలాంటి లెక్కే. మంచు ముందే కరుగుతోందనీ, తొందరపడి వేసిన మొగ్గలు ఆ తర్వాతి చలికి మాడిపోతున్నాయనీ ఆ లెక్కల్లోంచే తేలింది. లోయంతా కలయజూసి ఆహా అనుకునేవాడికి అది ఎన్నేళ్లయినా తెలియదు. చూపు ఇరుకైనంత మాత్రాన గుడ్డిది కాదన్నమాట.

మరి నా చూపులో లోటేమిటి? ఆ అమ్మాయి ఇక్కడ ఏముందని అడుగుతోంది. నేను చక్రం పడుతుందా, పట్టదా అని అడుగుతున్నాను. ఆ ప్రశ్న ముందు పువ్వుకున్న గుణం ఒక్కటే: అది రాయి కాదు. అర్జునుడు మాత్రం పిట్టను చూశాడా? గురి చూశాడు. పిట్ట ఏ రంగని ద్రోణుడు అడిగి ఉంటే ఏం చెప్పేవాడో!

ఇంకో సంగతి. ఆ పిట్ట శిల్పులు చేసిన బొమ్మ. దాన్ని చెట్టు మీద పెట్టించినవాడు కొమ్మ బలం, పిల్లలు నిలబడే దూరం అన్నీ చూసుకునే ఉంటాడు. నా బాటా అంతే. మంచి ట్రెయిల్ వాలు కొండ వాలులో సగం మించకూడదంటారు. మించితే వాన నీళ్లు బాట వెంటే పారి దాన్ని కాలువగా కోసేస్తాయి. బయటి అంచును కొంచెం వంచి చెక్కుతారు, నీళ్లు పక్కకు జారిపోయేలా. 1983 నుంచీ క్రెస్టెడ్ బ్యూట్‌లో మౌంటెన్ బైక్ సంఘం ఉంది. కూలిన చెట్లు కోసి, కొట్టుకుపోయిన మట్టి సర్దేవాళ్లున్నారు. వాళ్లు కొండనంతా చూసి పెట్టారు కనక నేను కొన్ని గజాలు చూస్తే సరిపోతోంది. ఏకాగ్రత నా ఘనత అనుకోవడం కంటే వాళ్లకు బాకీ అనుకోవడం నయం.

ఇంతదాకా వచ్చాక ధర్మరాజుకు ఓటేసి ముగించవచ్చు. విలువిద్యలో తప్పినవాడికే కదా రాజ్యం వచ్చింది. కానీ ఆయన కూడా ఒకరోజు ఏకాగ్రత సాధించాడు. ఆ రోజు జూదసభలో పాచికలు తప్ప ఆయనకేమీ కనపడలేదు. తాతా, గురువూ అక్కడే ఉన్నారు. తమ్ముళ్లు కనపడ్డారు, పందెం సొమ్ముగా. వచ్చే పందెమొక్కటే లోకం. నిన్న లేదు, రేపు లేదు, తనూ లేడు. మిత్రులు ధ్యానానికి చెప్పే లక్షణాలన్నీ అక్కడ సరిపోతాయి.

ఆ దిగుడు సుఖం నాకు ఇంకా కావాలి. వచ్చే జూలైలోనూ పోతాను. ధ్యానమని మాత్రం దాన్ని పిలవను. జూదమంటేనే నిజానికి దగ్గరగా ఉంటుంది. అలా అనుకుంటే కనీసం పందెంలో ఏం పెడుతున్నానో చూసుకుంటాను.