నాలుక మీద సుంకం

విద్యని అమ్ముకోకూడదనేవారు మన పెద్దవాళ్ళు. అంటూనే గురుదక్షిణ పుచ్చుకునేవారు లెండి! అందుచేత విశ్వవిద్యాలయంలో ఓ భాషాశాఖ పాఠం చెప్పి డబ్బు తీసుకుంటోందంటే నేను ముక్కున వేలేసుకోను. మేష్టారికీ పొట్ట ఉంటుంది, ఆయన భార్యకీ పండక్కి చీర కావాలి. నన్ను ఆలోచనలో పడేసింది పాఠం కాదు, పరీక్ష.

1941లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రీస్ అనే ఆచార్యుడు ఇంగ్లీషు నేర్పే సంస్థ ఒకటి మొదలుపెట్టాడు. లాటిన్ అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి భాష నేర్పడం దాని పని. నేర్పాక ఎంత వచ్చిందో చూడాలి కదా? అలా పరీక్షలు వచ్చాయి. ఆయన శిష్యుడు రాబర్ట్ లాడో ఆ పరీక్షల విద్య మీద 1961లో పుస్తకమే రాశాడు. 2010లో ఆ పరీక్షల విభాగం కేంబ్రిడ్జి వారితో కలిసి వేరే కాపురం పెట్టేసింది. పాఠానికి తోకగా పుట్టింది కాస్తా తలకాయై కూర్చుంది!

కేంబ్రిడ్జి వారి కథ ఇంకా బాగుంటుంది. 1913లో వాళ్ళు విదేశీయుల కోసం మొదటి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. మొత్తం 12 గంటల పరీక్ష. రాసింది ముగ్గురు. ముగ్గురూ తప్పారు! దీని మీద డబ్బొస్తుందని ఆనాడు ఎవరైనా అంటే నవ్వి ఉండేవారు. 2021లో బ్రిటిష్ కౌన్సిల్ వారు మన దేశంలో తాము నడుపుతున్న ఐఈఎల్‌టీఎస్ పరీక్షల వ్యాపారాన్ని, అందులో భాగస్తులైన ఐడీపీ వారికి అమ్మారు. ఎంతకనుకున్నారు? 13 కోట్ల పౌన్లకి.

ఇందులో మర్మం పెద్దదేం కాదు. పాఠానికి మనిషి కావాలి. ఓ పంతులమ్మ ఓ పూటకి ముప్ఫైమందికి చెప్పగలదు, ఆ తర్వాత గొంతు పోతుంది. ప్రశ్నపత్రానికి గొంతు పోదు. తయారు చెయ్యడానికి ఖర్చవుతుంది గానీ, తయారయ్యాక వేలమందికీ అదే. పైగా పాఠం నచ్చకపోతే మానేస్తాం. సీటూ వీసా దాని చేతిలో ఉన్నాయి గనక పరీక్ష మానలేం. వచ్చిన మార్కులు చెల్లేది రెండేళ్ళేనట! మా అత్తగారి మాగాయ అంతకన్నా ఎక్కువ నిలవుండేది. వాడకపోతే భాషకి తుప్పు పడుతుందన్న మాట నిజమే అనుకోండి.

మా ఆడపడుచు కూతురు అలాంటి పరీక్షే ఒకటి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ వ్యాసం దగ్గరే అర పాయింటు తక్కువ. మూడోసారి ఫీజుకి చేతిగాజు తాకట్టుకెళ్ళింది.

"ఎక్కడ తప్పు రాశానో చెప్పరేం అత్తయ్యా?" అందది.

నిజమే. అంకె చెబుతారు గానీ తప్పు చెప్పరు. ఎవరో దాన్ని కావాలని తప్పించారని నేననను. పాపం, దిద్దినవాళ్ళు న్యాయంగానే దిద్ది ఉంటారు. కానీ పాఠానికి కట్టిన డబ్బుకి నాలుగు మాటలైనా మన దగ్గర మిగులుతాయి. దీనికి కాయితం ముక్క మిగులుతుంది, తప్పితే అదీ పనికిరాదు. తప్పినవాళ్ళు మళ్ళీ ఫీజు కట్టే చోట, వాళ్ళ తప్పు దిద్దాలన్న ఆరాటం ఎవరికుంటుంది చెప్పండి?

ఇదంతా ఓ విదేశీ విశ్వవిద్యాలయంలో భాషాశాఖలో పనిచేస్తున్న నా స్నేహితురాలి దగ్గర వెళ్ళబోసుకున్నాను. వాళ్ళూ కోర్సులు నడుపుతారు, పరీక్షలు పెడతారు. అది కోప్పడలేదు.

"మా దగ్గర ప్రాచీన సాహిత్యం చదివేది నలుగురు పిల్లలే. వాళ్ళకి చెప్పే ఆయన జీతం ఎక్కడినుంచి వస్తోందనుకున్నావు? ఆ పరీక్షల డబ్బు ఆగితే ముందు మూతపడేది ఆ క్లాసే."

నాకు నోట మాట రాలేదు. నేను బి.ఏ.లో సాహిత్యం చదువుకున్నదీ పదిమంది లేని క్లాసులోనే. ఆ క్లాసే లేకపోతే ఈ కలం పట్టేదాన్నే కాదు. అలాగని ఆ గాజు మాటా మర్చిపోలేను.

"పోనీ, తప్పినవాళ్ళ పేపర్లన్నా ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపకూడదుటే?" అన్నాను.

"అన్ని పేపర్లు దిద్దాలంటే టీచర్లు కావాలి. వాళ్ళకి జీతాలియ్యాలి. ఇక మాకు మిగిలేదేమిటి?" అంది.