హతసాక్షి యను మాటనుగూర్చి

నర్సీపట్టణమున ఇద్దరు తెల్లదొరల సమాధులు కలవు. 1922 సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళముచే హతులైన స్కాట్ కవర్డు, హైటరు అను అధికారుల వవి. ఆ ప్రాంతముననే కృష్ణదేవిపేటలో రాజుగారి సమాధియు నున్నది. నమ్మినదానికై ప్రాణము విడుచుటయే గొప్ప యైనచో, ఆ యధికారులును తమ ప్రభుత్వమును నమ్మియే మరణించిరి గదా! ఇఁక భేద మెక్కడ?

మరణము నమ్మకమును సత్యముగా చేయజాలదు. అసత్యమునకై చచ్చినవారును లోకమున కలరు. కావున ఎట్లు చచ్చెనని గాక, ఎవరి బాధను తన బాధగా చేసికొనెనని విచారింపవలెను.

1882 నాటి మదరాసు అటవీ చట్టముతో కొండవారి పోడు సేద్యమునకు సంకెలలు పడెను. నర్సీపట్టణమునుండి లంబసింగికి వేసిన రోడ్డుపనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను వారిచే చాకిరి చేయించి తగిన కూలి నీయలేదు. రాజుగారికి పోడు లేదు. ఆ కూలితో పని లేదు. క్షత్రియ కుటుంబమున పుట్టి, సన్న్యాసిగా మన్నన లందుచు సుఖముగా జపము చేసికొనియుండవచ్చును. అట్లుండక, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు దినములు పడి తుపాకులు గొనిపోయెను. 1924 మే 7న కొయ్యూరువద్ద విచారణ లేకయే కాల్చి చంపబడెను.

ఆయుధము పట్టుటను మేము మెచ్చజాలము. దామనపల్లిలో కూలినవారికిని తల్లులు కలరు. అయినను ఆ నెపమున కొండవాని ఆకలిని చూడక మొగము త్రిప్పుకొనుట అహింస గాదు. పడక కుర్చీలో కూర్చుండి శాంతిని బోధించు మావంటివారి కీ మాట ముందుగా తగులును.

క్రైస్తవ గ్రంథములలో కానవచ్చు ‘హతసాక్షి’ యను పదమున మనము ‘హత’ యను భాగమునే చూచి చేతులు జోడింతుము. బరువంతయు ‘సాక్షి’లో నున్నది. గాము మల్లుదొర చావలేదు. అండమానులో శిక్ష ననుభవించి, 1937లో విడుదలయై, 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. అన్న గంటందొర 1924లోనే నేలకొరగెను. ఈ యిద్దరిలో తమ్ముని సాక్ష్యము తక్కువదని ఎవ్వరనగలరు? పేరైనను మిగులక, దళమునకు గంజి పోసి దాని ఫలము ననుభవించిన కొండపల్లెల స్త్రీల మాట యేమి?

లంబసింగి రోడ్డున నేడు శీతకాలమందు మంచు చూడ జనులు కార్లలో పోవుచున్నారు. మేమును ఒకసారి పోయితిమి. ఆ దారి వేసినవారి కథ బండిలో నెవరికిని తెలియదు, మేమును చెప్పలేదు.