పక్క పడవకు సైగ చేయండి



ఒక సాయంత్రం భావనపాడు ఒడ్డున, ఇసుక మీద వల పరచి బాగుచేసుకుంటున్న ఇద్దరు మత్స్యకారుల దగ్గర కూర్చున్నాను. సముద్రం నడుమ ఇంజను ఆగిపోతే ఏం చేస్తారని అడిగాను.

“చొక్కా ఇప్పి ఊపుతాం ఫాదరు గారూ. పక్క బోటోళ్లు వచ్చి తాడేసి లాగుతారు” అన్నాడు ఒకాయన.

“మరి ఒడ్డు మీద మనసు ఆగిపోతే?” అన్నాను. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

కాసేపటికి రెండవ ఆయన తలెత్తకుండానే చెప్పాడు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానులో ఆయన బోటు పోయింది. తరువాత ఏడాది పాటు సరిగా నిద్రపోలేదట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదట.

ఇరవై ఏళ్లుగా కలిసి వేటకు వెళ్లే మొదటి ఆయన చేతిలో వల ఆగిపోయింది. “నాకూ నిద్ర లేదు బావా” అన్నాడు.

ఒకే వీధిలో ఇద్దరు స్నేహితులు ఏడాది పాటు ఎవరి చీకటిలో వారు మేలుకొని ఉన్నారు!

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో స్నేహం గురించి అరిస్టాటిల్ వ్రాసిన అధ్యాయాలు మాకు పాఠం. పౌరుషం గలవాడు మిత్రులను నొప్పించరాదని తన దుఃఖాన్ని వారితో పంచుకోవడానికి వెనుకాడతాడని ఆయన అభిప్రాయం. నేను పరీక్షలో అదే వ్రాశాను. చాలా ఏళ్లు అలాగే బ్రతికాను కూడా. మా అమ్మ చనిపోయిన సంవత్సరం పూజ ముగించి, అందరినీ నవ్వుతూ పలకరించి, గదికి వచ్చి తలుపు వేసుకునేవాణ్ణి. ఒక తోటి గురువు వచ్చి, ఏమీ బోధించకుండా రాత్రంతా నాతో కూర్చున్నాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను. మర్నాడు పూజలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“దేవునికి చెప్పుకుంటే చాలదా, మనిషికెందుకు?” అని కొందరు భక్తులు అడుగుతారు. గెత్సేమనే తోటను తలచుకోండి. క్రీస్తు ప్రభువు తండ్రికి ప్రార్థించారు. అదే రాత్రి పేతురు, యాకోబు, యోహానులతో తన ప్రాణం మరణమంతటి దుఃఖంలో ఉన్నదని చెప్పి, తనతో మేలుకొని ఉండమని అడిగారు. వారు నిద్రపోయారు. అయినా ఆయన మళ్లీ మళ్లీ వారి వద్దకే వచ్చారు. ఆ విధంగా అడగడం ప్రభువుకు చిన్నతనం కానప్పుడు మనకెందుకవుతుంది? బలహీనతలోనే దేవుని బలం పరిపూర్ణమవుతుందని పునీత పౌలుగారు నేర్చుకున్నది కూడా ఇదే.

తండ్రులారా, సీసా ముందు చెప్పుకున్న బాధ తెల్లవారితే మిగలదు. ఈ వారం, ఒళ్లు తెలిసి ఉన్నప్పుడు, ఒక్క స్నేహితునికి ఒక్క నిజం చెప్పండి: అప్పు కావచ్చు, భయం కావచ్చు, చేసిన తప్పు కావచ్చు. విన్నవారు వెంటనే సలహా చెప్పకండి. ఆ మాటను వీధిలోకి మోయకండి. తల్లులారా, ఏడ్చే మగపిల్లవాణ్ణి “ఆడపిల్లలా ఏడుస్తావేం?” అని కసరకండి.

చేపల బరువుకు వలలు పిగిలిపోతుంటే పేతురు బృందం రెండవ పడవలోని తోటివారికి సైగ చేసింది (లూకా 5:7). వారు వచ్చారు. మీరూ సైగ చేయండి. పక్క పడవలోని వాడు కూడా మీ సైగ కోసమే చూస్తున్నాడేమో!

ప్రభువు మిమ్ము ఆశీర్వదించునుగాక. ఆమెన్.