వెతుక్కునే హక్కు తల్లికీ ఉంది

ఫిలోమినా లీ కథ తెలిసినప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. దత్తతకు వెళ్లిపోయిన బిడ్డ ఏళ్ల తర్వాత ఎదురుపడితే, కన్నతల్లికి తిరిగి దక్కేది ఏమిటి?

ఐర్లండ్‌లోని రాస్‌క్రేలో, పెళ్లికాని తల్లుల కోసం సన్యాసినులు నడిపిన ఒక ఆశ్రమంలో 1952లో ఆమెకు కొడుకు పుట్టాడు. ఆంథొనీ అని పేరు పెట్టుకుంది. అక్కడే చాకిరీ చేస్తూ మూడేళ్లకు పైగా వాడి ఎదుగుదల చూసుకుంది. 1955 డిసెంబరులో వాణ్ని అమెరికా దంపతులకు దత్తతగా పంపించేశారు. ఇక ఎన్నడూ బిడ్డ ఆచూకీ అడగనని ఆమె చేత అప్పటికే సంతకం పెట్టించారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది. తొలిచూలు బిడ్డ సంగతి మాత్రం దాదాపు యాభై ఏళ్లు ఆ పిల్లలకు చెప్పలేకపోయింది.

బిడ్డ చనిపోతే ఊరంతా వచ్చి తల్లిని పలకరిస్తుంది. బతికున్న బిడ్డ దూరమైన తల్లిని, అందునా తప్పు చేసిందన్న ముద్ర పడ్డ తల్లిని, పలకరించేదెవరు? ఏటా పుట్టినరోజు వస్తుంది. ఈ ఏటితో వాడికెన్నేళ్లో మనసులోనే లెక్క వేసుకుంటుంది. పైకి అనడానికి లేదు. బిడ్డతో పాటు ఏడ్చే హక్కునూ లాగేసుకున్నారు.

ఫిలోమినా కబురు తెలుసుకునేసరికి కొడుకు లేడు. మైకేల్ హెస్ అన్న పేరుతో పెరిగి, రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీకి ముఖ్య న్యాయవాదిగా ఎదిగి, 1995లో ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. తల్లి కోసం అతనూ ఆ ఆశ్రమానికి వెళ్లి అడిగాడు. ఎవరూ చెప్పలేదు. చివరికి తనను అక్కడే ఖననం చేయమని కోరాడు. ఆమెకు దొరికింది సమాధే. కానీ వాడూ తనను వెతికాడన్న నిజం దొరికింది.

బిడ్డ సజీవంగా ఎదురైనా కలయిక తేలికేం కాదు. తల్లి మనసులో ఉన్నది పసివాడు, వచ్చింది నలభై ఏళ్ల మనిషి. అతను అమ్మా అని పిలిచేది పెంచిన తల్లిని. నన్నెందుకు ఇచ్చేశావన్న ప్రశ్నకు ఒక్క పూటలో జవాబు రాదు. కొన్ని బంధాలు ఆప్యాయంగా మొదలై మెల్లగా మౌనంలో పడిపోతాయి. పోయిన ఏళ్లు ఎవరికీ తిరిగి రావు. అయినా ఆ తల్లులు వెళ్తారు. నిన్ను నేను వదిలించుకోలేదని చెప్పుకోవాలి, బిడ్డ క్షేమం కళ్లారా చూడాలి. దక్కేది ఇదేనేమో: దాచుకున్న తల్లితనాన్ని వెలుతురులో నిలబెట్టుకోవడం.

ఐర్లండ్ ప్రభుత్వం 2021లో ఇలాంటి తల్లీబిడ్డలకు క్షమాపణ చెప్పింది. 2022 చట్టంతో జనన వివరాలు తెరిచింది. జాడ వెతికే సాయం కన్నవాళ్లకూ అందుతోంది. ఇక మన దేశంలో, చట్టం బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తుంది. పద్దెనిమిది నిండిన దత్తబిడ్డ తన మూలాలు వెతుక్కోవచ్చు. తల్లికి మాత్రం ఆ దారి వేయలేదు.

గుట్టుగా ఉండాలనుకునే తల్లి గోప్యతను కాపాడాల్సిందే. ఎదురుచూసే తల్లి కోరికను నమోదు చేసుకోవడానికి మాత్రం అడ్డేమిటి? ఇద్దరూ ఇష్టపడితేనే కలపండి. పేదరికమో, పరువు భయమో, మోసమో పెట్టించిన ఒక సంతకానికి జీవితకాల శిక్ష వేయకండి. తన బిడ్డ ఎలా ఉందని అడగడం ఏ తల్లికీ నేరం కాకూడదు.