బడి ఎవరి కోసం? ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, తల్లిదండ్రుల ధర్మం

ప్రహ్లాద చరిత్ర అనగానే మనందరికీ స్తంభం, నరసింహస్వామి గుర్తొస్తారు. కానీ ఆ కథలో అంతకుముందే ఒక బడి ఉంది, గమనించారా? హిరణ్యకశిపుడు శుక్రాచార్యుల కొడుకులైన చండామార్కులను పిలిపించి, కొడుకును వాళ్లకు అప్పజెబుతాడు. రాజుగారి అబ్బాయికి రాజగురువు బిడ్డలే టీచర్లు. కొన్నాళ్లకు పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఏం నేర్చుకున్నావని అడుగుతాడు. తాను ఎదురుచూసిన జవాబు రాదు. ముందు గురువుల మీద కోపం, తర్వాత కొడుకు మీదే కోపం.

ఆ తండ్రికి మొదట్లో ప్రేమ లేదని అనలేం. ఒళ్లోకి తీసుకున్నాడు కదా. కానీ ఆ ప్రేమకు ఒక కొలత ఉంది. పిల్లాడు ఎలా ఉన్నాడో అతను చూడలేదు, తాను అనుకున్నట్టు తయారయ్యాడా లేదా అన్నదొక్కటే చూశాడు.

ఈ కథను మనకు తెలుగులో ఇచ్చిన పోతన గారిది జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర అని చెప్పుకుంటాం. దాని పక్క మండలమే దేవరుప్పుల. అక్కడి నుంచి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, ఉప్పల్‌లో అద్దెకుంటున్న ఒక జంటను ఊహించుకుందాం. బాబుకి ఆరేళ్లు. ఆటిజం అని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు బడి ఎంచుకోవాలి. ఒకవైపు ఇంటర్నేషనల్ స్కూల్. చిన్న క్లాసులు, ఏసీ గదులు, ఏడాదికి లక్షల్లో ఫీజు. ఇంకోవైపు స్పెషల్ స్కూల్. మూడోది ఇంటి దగ్గరి మామూలు బడి, దాంతోపాటు థెరపీ. ఊళ్లో నానమ్మ, తాత ఉన్నారు కాబట్టి అక్కడి బడి కూడా ఒక దారే.

ఇలాంటప్పుడు చుట్టాల నుంచి వచ్చే మొదటి మాట మీకు తెలుసు. "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం." ఈ మాటను కొంచెం ఆగి చూద్దాం. కర్మ సిద్ధాంతం మనిషి తన పనిని తాను సరిచూసుకోవడానికి చెప్పింది. పక్కింటి తల్లిని, ఆమె బిడ్డను కొలవడానికి ఇచ్చిన టేపు కాదు. ఆ బాబు ఎందుకిలా పుట్టాడో మనలో ఎవరికీ తెలియదు. వాడికి రేపు పొద్దున ఏం చేయాలో మాత్రం మన చేతిలో ఉంది. కర్మయోగం అంటే ఆ చేతిలో ఉన్న పని.

రెండో మాట ఇంకా మెత్తగా వస్తుంది. "ఎంత ఖర్చైనా పర్లేదు, పెద్ద స్కూల్లో వేయండి, ఊళ్లో ఎకరం అమ్మేద్దాం." ఇందులో త్యాగం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది. దొరల పెత్తనం మీద, భూమి కోసం పోరాడిన నేల అది. అక్కడ ఎకరం అమ్మడమంటే పాత కారు అమ్మినట్టు కాదు. అందుకే ఆ డబ్బు దేనికి పోతోందో అడగాలి. పిల్లాడికా, లేక "మా వాడు ఇంటర్నేషనల్‌లో చదువుతున్నాడు" అని మనం చెప్పుకోవడానికా?

ఇంటర్నేషనల్ స్కూళ్లన్నీ వద్దని చెప్పడం లేదు. తక్కువ మంది పిల్లలు, బట్టీ తక్కువ, ప్రాజెక్టులు ఎక్కువ ఉండే క్లాసులో కొందరు పిల్లలు నిజంగా వికసిస్తారు. కానీ ఆ పేరు పాఠ్యప్రణాళికకు సంబంధించింది. స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా లేదా అన్నది ఆ పేరు చెప్పదు. కొన్ని చోట్ల షాడో టీచర్‌ను తల్లిదండ్రులే తెచ్చుకోవాలి, జీతమూ వాళ్లే ఇచ్చుకోవాలి.

ఇక అసలు ధర్మసంకటం. అడ్మిషన్ ఫారంలో ఆటిజం సంగతి రాయాలా, దాచాలా? చాలామంది దాస్తారు. సీటు పోతుందనే భయం. ఆ భయాన్ని తప్పుపట్టలేం, అది అనుభవం నేర్పిన భయం. కానీ దాస్తే ఏమవుతుందో చూడండి. చప్పుడు భరించలేక వాడు చెవులు మూసుకుంటే టీచర్‌కు అది పొగరులా కనిపిస్తుంది. సాయం అడిగే హక్కు మనమే వదులుకున్నట్టవుతుంది. అంతకంటే ముఖ్యం, "నువ్వు నువ్వులా కనిపించకూడదు" అనే పాఠం వాడికి ఇంట్లోనే మొదలవుతుంది. ప్రహ్లాదుడు తండ్రి ఒళ్లో కూర్చుని కూడా తన మనసులో ఉన్నదే చెప్పాడు. మన పిల్లలకు ఆ ధైర్యం రావాలంటే, ముందు మనం వాళ్ల గురించి నిజం చెప్పగలగాలి.

నిజం చెప్పేవాళ్ల వెనక చట్టం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ ప్రత్యేక బడిలో గానీ, నచ్చినదాంట్లో ఉచితంగా చదివే హక్కుంది. సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపు గురించి కనుక్కోండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. ఊళ్లలో అయితే మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. ఎంఈఓ ఆఫీసులో అడిగితే చెబుతారు. వీటిలో లోటుపాట్లు ఉండొచ్చు. అయినా ఇవి మన హక్కులు, ఎవరో పెట్టే భిక్ష కాదు.

మరి ఎలా తేల్చుకోవాలి? బ్రోచర్ పక్కన పెట్టి, అక్కడ మీ బాబు గడిపే ఒక రోజును ఊహించుకోండి. వాడు ఏడిస్తే ఎవరొస్తారు? భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటాడు? యాన్యువల్ డే స్టేజి మీద వాడికి చోటుంటుందా, లేక ఆ రోజు "రెస్ట్ తీసుకోనివ్వండి" అంటారా? ప్రిన్సిపాల్ మీతో మాట్లాడేటప్పుడు బాబుతో కూడా మాట్లాడారా? వాడి ముందే "ఇలాంటి పిల్లలు" అన్నారా? ఈ జవాబులు ఒక ప్రభుత్వ బడిలో బాగుండొచ్చు, స్పెషల్ స్కూల్లో బాగుండొచ్చు, ఇంటర్నేషనల్‌లోనూ బాగుండొచ్చు. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడంలో కూడా ఓటమి ఏమీ లేదు.

మామూలు పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "వాడి వల్ల మా పాప చదువు పాడవుతుంది" అనే ఫిర్యాదు ఎన్నో సీట్లను మూసేస్తోంది. చండామార్కులు లేని సమయంలో తోటి పిల్లలంతా ప్రహ్లాదుడి చుట్టూ చేరారు. గురువులు చెప్పలేనిది అతని దగ్గర నేర్చుకున్నారు. పక్క బెంచీలో మాట రాని బాబు ఉంటే, మీ పాప ఓపికగా వినడం నేర్చుకుంటుంది. ఆ పాఠం ఏ సిలబస్‌లోనూ దొరకదు.

హిరణ్యకశిపుడికీ ఆ సాయంత్రం ఒక అవకాశం ఉంది. అనుకున్న జవాబు రానప్పుడు, ఒళ్లో ఉన్న పిల్లాణ్ణి కిందికి తోసేయకుండా, "ఇంకా చెప్పు నాయనా" అని ఉండొచ్చు. అతను అనలేకపోయాడు. మనం అనగలం. శుభం.