అచ్చు గుద్దినట్టు

మొన్నామధ్య ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. నా నవలల మీద పిహెచ్.డి. చేస్తోందట. అబద్ధమెందుకు, పొంగిపోయాను. నా ఇంటర్వ్యూ కింద సంతకం కావాలంది. జవాబులు కూడా తనే రాసి తెచ్చింది!

కాఫీ ఇచ్చి, సిద్ధాంత వ్యాసం తిరగేస్తూ కూర్చున్నాను. జీవితం, వ్యక్తిత్వం, స్త్రీ పాత్రలు... అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. 112వ పేజీ దగ్గర ఆగిపోయాను. నేనెన్నడూ సృష్టించని నాయిక ఒకతె, భర్తని వదిలేసి రైలెక్కుతోంది!

"ఈవిడెవరమ్మా?"

పిల్ల మొహం పాలిపోయింది. మరో రచయిత్రి మీద ఎవరో చేసిన థీసిస్‌లో పేర్లు మార్చుకుంటూ పోయింది. ఈ నాయిక ఒక్కతే తప్పించుకుంది.

"మీ గైడుగారు చూడలేదూ?"

"సంతకం పెట్టారు మేడమ్."

ఇలాంటి కాపీల కోసమే 2018లో యు.జి.సి. నిబంధనలు తెచ్చింది. పోలిక నూటికి 10 వరకూ ఉంటే శిక్ష లేదు. 40 వరకూ అయితే ఆర్నెల్లలోపు దిద్ది ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అంతా కూరలో ఉప్పులా కొలిచారు. చదవకుండా పెట్టిన సంతకాన్ని ఏ చెంచాతో కొలుస్తారో మరి!

1974లో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త, అమెరికాలోని కాల్‌టెక్ విద్యార్థులకి ఒక సంగతి చెప్పాడు. యుద్ధకాలంలో సరుకులు దింపిన విమానాలు మళ్ళీ రావాలని, దక్షిణ సముద్రాల్లో కొందరు ద్వీపవాసులు రన్‌వే లాంటిది వేసి, పక్కన మంటలు పెట్టి, చెక్క హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవారట. అంతా సరిగ్గానే ఉంది. విమానమే దిగదు! మా బంధువులమ్మాయి పనిచేసే కాలేజీలో, తనిఖీ ముందురోజు రాత్రి మూడేళ్ళ మీటింగుల మినిట్సు కూర్చుని రాశారట, రకరకాల పెన్నులతో.

అనుకరించడం తప్పని నేననను. అమ్మ పెట్టిన చుక్కల మీదే నేనూ ముగ్గు నేర్చుకున్నాను. నా తొలి నవలలో నా అభిమాన రచయిత్రి గొంతు ఎంత వినిపిస్తుందో నాకే తెలుసు. కాని నడుము నొప్పి నాదే, వంకరపోయిన గీతా నాదే. ఈ పిల్లకి ఆ వంకరగీత కూడా దక్కలేదు.

ఫిర్యాదు చేద్దామా అనుకున్నాను. చేస్తే ముందు బలయ్యేది ఈ పిల్లే. ఊరుకుంటే, రేపు ఇదే పిల్ల ఎవరి పిల్లలకో పాఠం చెబుతుంది. తేల్చుకోలేక, సంతకం పెట్టకుండా, నా నవల ఒకటి చేతిలో పెట్టి "ఇది చదివి రా, అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక గుర్తొచ్చింది. నన్ను ఆకాశానికెత్తిన ఆ మొదటి అధ్యాయం కూడా ఆవిడదే అయ్యుండాలి. నేనేమో దాన్ని రెండుసార్లు చదువుకున్నాను!